ఎండెక్కాక మంచువాలు మీద ఉండొద్దు

(హైదరాబాద్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ట్రెక్కింగ్ క్లబ్ విద్యార్థుల ముందు మార్చి నెలలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రండి, ఇక్కడ నేల మీద చోటుంది.

పరీక్షలు అయిపోగానే మీలో ముప్పై మందికి పైగా హిమాలయాలకు బయల్దేరుతున్నారని మీ క్లబ్ సెక్రటరీ చెప్పాడు. ఎక్కువమంది హిమాచల్‌లో కసోల్ మీదుగా సర్ పాస్ అనే కనుమకి, కొందరు మనాలి వైపు, ఓ నలుగురు సిక్కిం. మీలో సగం మంది మంచు కురిసిన నేల మీద ఇంతవరకూ కాలు పెట్టలేదట. నేను ఇరవై రెండేళ్లకి మొదటిసారి చూశాను. చూడగానే దోసిట్లోకి తీసుకుని నోట్లో వేసుకున్నాను. మీరూ అదే చేస్తారు. ఆ సంతోషాన్ని పాడు చేయడానికి రాలేదు నేను. మీరందరూ జూన్‌లో ఈ హాల్లోకి తిరిగి రావాలని వచ్చాను.

చెప్పాలనుకున్నది ఎండ గురించి. మనం ఎండలో పుట్టి పెరిగినవాళ్లం. హిమాలయం అనగానే మనకి చలి గుర్తొస్తుంది. స్వెట్టర్లు, గ్లోవ్స్, మంకీ క్యాప్ కొనుక్కుంటాం. టెన్షన్ అంతా తుపాను గురించే. తెల్లవారి టెంట్ జిప్ తీసేసరికి ఆకాశం నీలంగా ఉంటే, ఎండ పొడ కనిపిస్తే, హమ్మయ్య అనుకుంటాం. నిదానంగా టీ తాగి, ఒళ్లు వెచ్చబడ్డాక బయల్దేరదాం అనుకుంటాం. ఏప్రిల్, మే నెలల్లో మంచువాలు దాటాల్సిన రోజున అలా ఆలోచించారంటే ప్రమాదానికి ఎదురెళ్లినట్టే.

ముందు మాటల సంగతి చూద్దాం. మనకి పొద్దున పొలం మీద పరుచుకునేది మంచే. గడ్డిపరక మీద నిలిచేదీ మంచే. ఫ్రిజ్‌లో గడ్డకట్టేదీ, కొండ మీద దూదిలా కురిసేదీ మంచే. ఒకే మాటతో అన్నీ గడిచిపోయాయి, ఎందుకంటే మన ఊళ్లలో ఆ తేడాలతో పనిపడలేదు. అవలాంచ్, అంటే వాలు మీది మంచు ఒక్కసారిగా కిందికి జారిపడటం. అది వస్తే మన పేపర్లు ‘మంచుచరియలు విరిగిపడి’ అని రాస్తాయి. ఆ మాట వినగానే తిరుమల ఘాట్‌రోడ్డు మీద బండరాయి పడ్డట్టు, ఎక్కడో శిఖరం దగ్గర పెద్ద ముక్క ఊడి పడుతుందని ఊహించుకుంటాం. వసంతకాలంలో వచ్చేవి చాలావరకు అలా మొదలుకావు. పిడికెడు తడిమంచుతో మొదలవుతాయి. అక్కడివాళ్ల మాట కూడా చెవిలో వేసుకోండి. హిమాచల్‌లో, ఉత్తరాఖండ్‌లో లారీ డ్రైవర్లు, గుర్రాలవాళ్లు ‘గ్లేషియర్ ఆయా’ అంటారు. భూగోళం పుస్తకంలో చదివిన హిమానీనదం అనుకోకండి. వాళ్ల నోట గ్లేషియర్ వచ్చిందంటే అవలాంచ్ వచ్చిందనే. ఎవరైనా ముందున్న నాలాలో, అంటే కొండవాగులో, గ్లేషియర్ వచ్చింది అంటే, చూడటానికి పరిగెత్తకండి, ఆగండి.

ఇప్పుడు ఆ పిడికెడు ఎందుకు కదులుతుందో చెప్తాను. చిన్నప్పుడు ఇసుకలో పిచ్చుకగూళ్లు కట్టారు కదా? పాదం మీద ఇసుక పోసి, తట్టి, మెల్లగా కాలు లాగేస్తే గూడు నిలుస్తుంది. పొడి ఇసుకతో కట్టలేరు. చెమ్మ ఇసుక అయితే చక్కగా నిలుస్తుంది. దాని మీద చెంబెడు నీళ్లు పోస్తే? గోడలు జారిపోతాయి. మంచుదీ అదే వరస. చలికాలమంతా కురిసిన మంచు రేణువులు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఎండకి పైపొర కాస్త చెమ్మగిల్లితే ఇంకా బాగా అతుక్కుంటాయి. మనవాళ్లు ముద్దలు చేసి విసురుకునేది ఆ మంచునే. ఎండ ఇంకా ఎక్కితే ఆ అతుకులే కరుగుతాయి, రేణువుల మధ్య నీరు నిండుతుంది. అప్పుడిక అది నీళ్లు పోసిన పిచ్చుకగూడు.

ఆ నీరు పైనే ఆగదు. కిందికి దిగుతుంది. దిగుతూ దిగుతూ ఎక్కడో గట్టి ఐసు పొర తగిలితే దాని మీద నిలుస్తుంది. లాహౌల్, లద్దాఖ్ లాంటి చోట్ల మంచు పలచగా, చలి ఎక్కువగా ఉంటుంది కాబట్టి అడుగున పంచదారలాంటి రేణువులు తయారవుతాయి. చేత్తో పట్టుకుంటే వేళ్ల సందుల్లోంచి రాలిపోతాయి, ముద్దకట్టవు. పైనుంచి దిగిన నీరు ఆ పంచదార పొరకి తగిలిందంటే పైనున్న మందమంతా ఒక్కసారిగా పలకలా జారవచ్చు. అందుకే సీజన్‌లో మొదటిసారి గట్టిగా ఎండకాసే మూడు నాలుగు రోజులు నాకు ఎప్పుడూ భయమే. అప్పటిదాకా పొడిగా ఉన్న మంచులోకి నీరు మొదటిసారి దిగే రోజులవి. ఇంకో సంగతి కూడా ఉంది. కొత్త మంచు తన మీద పడ్డ వెలుతురులో నూటికి ఎనభై పాళ్లకు పైగా తిప్పి పంపేస్తుంది. వసంతంలో ఎడారుల వైపు నుంచి వచ్చే గాలి ధూళిని మోసుకొచ్చి ఆ మంచు మీద చల్లుతుంది. మంచు మట్టి రంగులోకి మారిందంటే వేడిని తాగుతోందన్నమాట. అది త్వరగా కరుగుతుంది.

మరి రాత్రి? రాత్రి చలికి ఆ తడంతా మళ్లీ గడ్డకడుతుంది. తెల్లవారుజామున వాలు సిమెంటు రోడ్డంత గట్టిగా ఉంటుంది. బూటు వేస్తే కరకరమంటుంది. ఆ కరకర ఉన్నంతసేపు మీకు దారి ఉంది. అది మెత్తబడి చపచప అనడం మొదలైతే దారి మూసుకుంటున్నట్టే.

ప్రతి రాత్రీ ఇలా గడ్డకడుతుందని మాత్రం అనుకోవద్దు. లంబసింగి వెళ్లారా ఎవరైనా? అక్కడ గడ్డి మీద తెల్లగా మంచు పేరుకునేది ఎప్పుడు? ఆకాశం శుభ్రంగా, చుక్కలు కనబడే రాత్రి. మబ్బు పట్టిన రాత్రి అంత చలి ఉండదు, మన పల్లెల్లో ఎవర్నడిగినా చెప్తారు. నేల వేడి పైకి పోకుండా మబ్బు దుప్పటిలా కప్పేస్తుంది. 13,000 అడుగుల ఎత్తులో కూడా ఇదే జరుగుతుంది. కాబట్టి రాత్రి టెంట్‌లోంచి బయటికి వచ్చినప్పుడు ఒక్కసారి తలెత్తి చూడండి. చుక్కలుంటే పొద్దున వాలు గట్టిగా ఉండే అవకాశం ఎక్కువ. మబ్బుంటే, వెచ్చటి గాలి ఉంటే, అన్నిటికంటే ఘోరం వాన పడితే, తెల్లవారుజామున మూడింటికి లేచినా ప్రయోజనం లేదు. ఆ రోజు మంచు అసలు గట్టిపడలేదు.

సర్ పాస్ వెళ్లేవాళ్లు చేతులెత్తండి. మంచిది. నగారు క్యాంపు నుంచి పాస్ దాటే రోజు మిమ్మల్ని రాత్రి రెండింటికో మూడింటికో లేపుతారు. పాస్ ఎత్తు దాదాపు 13,800 అడుగులు. చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే హెడ్‌టార్చ్ పెట్టుకుని, నిద్రకళ్లతో లైన్లో నిలబడాలి. అందరూ విసుక్కుంటారు. ఇంత అర్ధరాత్రి ఎందుకు, ఆరింటికి వెలుగు వచ్చాక వెళ్లొచ్చు కదా అంటారు. ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు. మిమ్మల్ని లేపిన మనిషికి దండం పెట్టి బయల్దేరండి.

ఎన్నింటికి దిగిపోవాలి అని అడుగుతారు. పన్నెండు అని ఒక్క అంకె చెప్పి వదిలేస్తే మిమ్మల్ని మోసం చేసినట్టే. వాలు ఏ దిక్కు చూస్తోందో దాన్నిబట్టి గడియారం మారుతుంది. తూర్పు వాలుకి ముందు ఎండ తగులుతుంది. మేలో సూర్యుడు సరిగ్గా తూర్పున కాదు, కాస్త ఉత్తరానికి జరిగి ఉదయిస్తాడు. కాబట్టి ఈశాన్యం వాలు కూడా పొద్దున్నే వేడెక్కుతుంది. తొమ్మిది, తొమ్మిదిన్నరకే అక్కడ పని అయిపోవాలి. తర్వాత దక్షిణం. మధ్యాహ్నం పడమర. పడమటి వాలుకి రెండింటి తర్వాత చెడ్డకాలం. పొద్దున నీడలో చల్లగా చూసిన వాలే కదా అని సాయంత్రం అదే దారిన తిరిగి రావద్దు. మీరు నడిచే వాలు నీడలో ఉన్నా, తలపైన ఉన్న వాలు ఎండలో ఉండొచ్చు. తలెత్తి చూడటం మరిచిపోతాం. అక్కడే ప్రాణాలు పోతాయి.

నా సంగతి ఒకటి చెప్తాను. మే రెండోవారం. అప్పటికే నేను బేసిక్ మౌంటెనీరింగ్ కోర్సు చేసి ఉన్నాను, ఇదంతా నాకు తెలుసు. మేం పద్నాలుగుమందిమి. తీసుకెళ్లిన సంస్థ పేరు ఇప్పుడు అనవసరం. ఐదింటికి బయల్దేరాల్సింది. ముందురోజు నడకకి అందరూ డస్సిపోయారని, పడుకోనిద్దామని, టిఫిన్ ఏడున్నరకి పెట్టారు. ఎనిమిదిన్నరకి కదిలాం. మంచి ఎండ. ఫొటోలు తీసుకుంటూ, పాటలు పాడుకుంటూ వెళ్లాం. పదకొండింటికి ఒక నాలా దగ్గరికి వచ్చాం. నాలా అంటే కొండ మధ్యలో నిలువుగా ఉండే వాగు, మంచుతో నిండి ఉంది. అడ్డంగా ఓ అరవై అడుగులు దాటితే చాలు.

మా సామాన్లు మోస్తున్న ఆయన యాభై దాటిన మనిషి. ఒడ్డునే ఆగిపోయాడు. ‘దీదీ, సూరజ్ చఢ్ గయా. అబ్ కల్’ అన్నాడు. పొద్దెక్కిపోయింది, ఇక రేపే అని. మా లీడర్ ఆయన ఇంకోరోజు కూలి కోసం అలా అంటున్నాడనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఆయన పుట్టినప్పటి నుంచీ ఆ కొండని చూస్తున్న మనిషి. నేను కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకున్నదాన్ని.

ఒక్కొక్కరుగా దాటడం మొదలుపెట్టాం. ఆ ఒక్క జాగ్రత్తా తీసుకున్నాం. తొమ్మిదిమంది దాటారు. మోకాలి దాకా దిగబడుతోంది. పదో అమ్మాయి మధ్యలో ఉండగా, పైన ఒక నల్లరాయి పక్కన మంచు కదలడం చూశాను. నిజంగా పిడికెడే. ఎండకి రాయి వేడెక్కుతుంది కదా, దాని చుట్టూ ఉన్న మంచు ముందు వదులవుతుంది. ఆ పిడికెడు దొర్లుతూ చాప వెడల్పు అయింది. చూస్తుండగానే విసనకర్రలా విచ్చుకుని ఇంటి వెడల్పు అయింది. ఉరుము లాంటి చప్పుడేమీ లేదు. లారీలోంచి తడి కాంక్రీటు జారేటప్పుడు వచ్చే చప్పుడుంటుందే, అలా ఉంది. అందరం అరిచాం. ఆ అమ్మాయి బ్యాగుకుండే నడుం బెల్టు ముందే విప్పుకుని ఉంది. బ్యాగు వదిలేసి ముందుకి పడి పాక్కుంటూ పోయింది. ఆమె వెనక పది అడుగుల దూరంలోంచి అది వెళ్లిపోయింది. అంత నెమ్మదిగా వస్తుంటే పక్కకి తప్పుకోవచ్చు కదా అని తర్వాత చాలామంది అడిగారు. తడిమంచు మనిషి పరుగంత వేగంతోనూ రావచ్చు, స్కూటర్ వేగంతోనూ రావచ్చు. కానీ మోకాలి దాకా దిగబడ్డ కాళ్లతో మీరు పరిగెత్తలేరు.

బ్యాగు కొట్టుకుపోయింది. కింద అంతా ఆగాక చూస్తే ఎర్ర పట్టీ ఒకటి బయటికి కనబడుతోంది. అందులో ఆమె మందులు, డబ్బులు, ఫోను ఉన్నాయి. ఆరుగురం దిగాం. అది కూడా తప్పే, పైన ఇంకా జారాల్సిన మంచు ఉంది. పార ఒక్కటీ లేదు. భోజనానికి తెచ్చుకున్న స్టీలు ప్లేట్లతో తవ్వాం. రెండు ప్లేట్లు వంగిపోయాయి. ఐదు నిమిషాల కిందట మోకాలి దాకా దిగబడిన మంచులో ఇప్పుడు గోరు దిగడం లేదు. దొర్లేటప్పుడు పుట్టిన వేడికి కాస్త కరిగి, ఆగీ ఆగగానే బిగుసుకుపోయింది. ఒక్క బ్యాగు, అదీ పట్టీ పైకి కనబడుతున్నది, బయటికి తీయడానికి ఆరుగురికి ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. ఈ అంకె గుర్తుపెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఇవన్నీ పర్వతారోహకులకి కదా, మేం టూరిస్టులం అనుకునేవాళ్లు, సిక్కిం వెళ్లే నలుగురూ, ఇది వినండి. 2023 ఏప్రిల్ 4. గాంగ్‌టాక్ నుంచి నాథూ లా వెళ్లే జవహర్‌లాల్ నెహ్రూ మార్గ్ మీద, పదిహేనో మైలు దగ్గర, మధ్యాహ్నం పన్నెండు దాటాక అవలాంచ్ వచ్చింది. ఏడుగురు టూరిస్టులు చనిపోయారు. ఆ రోజు పదమూడో మైలు దాకే అనుమతి ఉందని, దాన్ని దాటి వెళ్లారని అధికారులు చెప్పారు. వాళ్లెవరూ శిఖరాలు ఎక్కబోయినవాళ్లు కారు. కార్లలో వెళ్లి, రోడ్డు పక్కన మంచులో ఆడుకుందామని దిగినవాళ్లు. రోడ్డు చదునుగానే ఉంటుంది. రోడ్డు పైన ఉన్న వాలు చదునుగా ఉండదు.

లాహౌల్ లోయలో 1979 మార్చిని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ నెలలో వరుసగా వచ్చిన అవలాంచ్‌లకి రెండు వందలకు పైగా జనం పోయారు. అప్పటికి అటల్ టన్నెల్ లేదు. అది తెరిచింది 2020లో. చలికాలమంతా రోహ్‌తంగ్ కనుమ మీది దారి మూసుకుపోయి ఆ లోయ బయటి లోకంతో తెగిపోయి ఉండేది. సాయానికి మనిషి వెళ్లే దారి లేదు. ఇప్పుడు మీరు మనాలి నుంచి కారెక్కి టన్నెల్ దాటి గంటన్నరలో సిస్సూలో ఫొటోలు దిగుతారు. రోడ్డు వచ్చింది, చాలా మంచిది. కొండ మాత్రం అదే కొండ.

గడియారం చూసుకుంటే సరిపోతుందా? సరిపోదు. ఇది దాచకుండా చెప్పాలి. గడియారానికి లొంగనివి ఉన్నాయి. మొదటిది, కొత్తగా బాగా మంచు కురిస్తే, ఆ బరువుకే వాలు తెగుతుంది. పగలా రాత్రా అని చూడదు. 2025 ఫిబ్రవరి 28న బదరీనాథ్ దగ్గర మాణాలో బోర్డర్ రోడ్స్ పనివాళ్ల క్యాంపు మీదికి తెల్లవారుజామున వచ్చింది. యాభై నలుగురు చిక్కుకున్నారు. వాళ్లు ఉంటున్నవి ఇనుప కంటైనర్లు కాబట్టి నలభై ఆరుగురిని ప్రాణాలతో తీయగలిగారు, ఎనిమిదిమంది పోయారు. పశ్చిమ హిమాలయంలో ఏప్రిల్‌లో కూడా ఒక్కోసారి రెండడుగుల మంచు కురుస్తుంది. కురిసిన మర్నాడే ఎండ కాస్తే అదే అన్నిటికంటే చెడ్డ రోజు. కొత్త బరువూ కొత్త తడీ రెండూ కలిసి వస్తాయి. ట్రెక్ షెడ్యూల్‌లో ఒక రోజు ఖాళీ ఉంచుకోమని నేను పోరు పెట్టేది ఇందుకే.

రెండోది, ఐసు. 2014 ఏప్రిల్ 18న ఎవరెస్ట్ నేపాల్ వైపు ఖుంబూ ఐస్‌ఫాల్‌లో, అంటే హిమానీనదం ముక్కలుగా పగిలి దిగే చోట, పైన వేలాడుతున్న ఐసు దిమ్మ విరిగిపడి పదహారుమంది నేపాలీ సోదరులు చనిపోయారు. తాళ్లు, నిచ్చెనలు, సామాన్లు పైకి మోస్తున్నవాళ్లు. వాళ్లు కొండ సంగతి బాగా తెలిసినవాళ్లు. రాత్రే బయల్దేరి, పొద్దున ఏడు కాకముందు అక్కడ ఉన్నారు. అయినా తప్పించుకోలేకపోయారు. మంచుకి పనికొచ్చే లెక్క వేలాడే ఐసు దిమ్మకి పనికిరాదు. మన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ అదే సీజన్‌లో, మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకి అప్పుడు పదమూడేళ్లు. ఆ సంబరంలో మనం పండగ చేసుకున్నాం, చేసుకోవాల్సిందే. అదే సీజన్‌లో కొండకి అవతలి వైపు పదహారు ఇళ్లలో ఏం జరిగిందో కూడా తెలుసుకోవాలి.

మూడోది కార్నిస్. ఇంటి చూరు బయటికి ఉంటుంది చూశారా, గాలి తోసిన మంచు కొండ అంచున అలా చూరులా పెరుగుతుంది. పైన నిలబడితే కింద నేల ఉన్నట్టే ఉంటుంది. ఏమీ ఉండదు. ఎండలకి అది బరువెక్కి విరిగిపడుతుంది. సెల్ఫీ కోసం అంచుకి వెళ్లకండి, దాని కింద కూర్చుని లంచ్ చేయకండి.

ఏ వాలు ప్రమాదమో ఎలా తెలుస్తుంది? మీ హాస్టల్ మెట్లు గుర్తు చేసుకోండి. మామూలు మేడమెట్ల వాలు సుమారు ముప్పై డిగ్రీల నుంచి ముప్పై ఐదు దాకా ఉంటుంది. అవలాంచ్‌లు ఎక్కువగా మొదలయ్యేది ముప్పైకీ నలభై ఐదుకీ మధ్య వాలుల్లోనే. అంటే మేడమెట్లంత వాలు, అంతకంటే నిటారు, మీకో మీ తలపైనో ఉందంటే మీరు దాని దారిలో ఉన్నట్టు. ఫోన్లో వాలు కొలిచే యాప్ పెట్టుకోండి, ఇప్పుడే మెట్ల మీద ప్రాక్టీసు చేయండి. చెట్లని చూడండి. భోజపత్ర చెట్లు అన్నీ ఒకే వైపు, కిందికి వంగి ఉంటే, అడవి మధ్యలో ఒక పట్టీ మేర చెట్లే లేకపోతే, తరచూ అక్కడ అవలాంచ్ వస్తోందన్నమాట. అక్కడ టెంట్ వేయకూడదు. రాళ్ల కింద నుంచి చిన్న చిన్న మంచు చక్రాలు చుట్టుకుంటూ దొర్లుతుంటే కొండ మిమ్మల్ని హెచ్చరిస్తోంది. అదే దిక్కు చూస్తున్న పక్క వాలు మీద ఇవాళే జారిన గుర్తు కనబడితే ఇక వేరే రుజువు అక్కర్లేదు. మీ బూటు చీలమండ దాటి దిగబడుతుంటే వెనక్కి తిరగండి.

ఇక ఆ ఇరవై ఐదు నిమిషాల సంగతి. స్విట్జర్లాండ్‌లో దశాబ్దాలుగా ఈ ప్రమాదాల లెక్కలు రాసిపెడుతున్నారు. మంచు కింద పూర్తిగా కూరుకుపోయినవాళ్లని పది నిమిషాల లోపల తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతున్నారు. అరగంటకి ఆ సంఖ్య దాదాపు మూడుకి పడిపోతోంది. ఊపిరి అందకే ఎక్కువమంది పోతున్నారు. ఎండుమంచు కొత్తగా కురిసినప్పుడు ఘనపు మీటరు వంద కిలోలు కూడా ఉండకపోవచ్చు. తడిమంచు జారి ఆగాక అయిదొందల కిలోలు దాటుతుంది. ఛాతీ కదలదు.

ఎవరో అడగబోతున్నారు, నాకు తెలుసు. సియాచెన్‌లో హనుమంతప్ప ఆరు రోజులు బతికాడు కదా అని. 2016 ఫిబ్రవరి 3న అక్కడ పదిమంది సైనికులు కూరుకుపోయారు. ఆ పదిమందిలో ఒకరు మన కర్నూలు జిల్లావాసి. లాన్స్‌నాయక్ హనుమంతప్ప టెంట్ లోపల గాలి మిగిలిన చోట చిక్కుకోవడం వల్ల ఆరు రోజుల తర్వాత ప్రాణాలతో దొరికాడు. దేశమంతా ప్రార్థించింది. 11న ఢిల్లీలో కన్నుమూశాడు. అలాంటిది వెయ్యిలో ఒకసారి కూడా జరగదు. మీ లెక్క పది నిమిషాలే. హెలికాప్టర్ పది నిమిషాల్లో రాదు. వచ్చేది మీ పక్కన నడుస్తున్న స్నేహితుడే.

ఆ స్నేహితుడి దగ్గర మూడు ఉండాలి. బీకన్, ప్రోబ్, పార. బీకన్ అంటే మొబైల్ అంత పెట్టె, ఛాతీకి కట్టుకుంటారు, 457 కిలోహెర్ట్జ్ మీద సిగ్నల్ ఇస్తూ ఉంటుంది. ఒకరు కూరుకుపోతే మిగతావాళ్లు తమ బీకన్‌ని వెతికే మోడ్‌లోకి మార్చి, బాణం గుర్తుని బట్టి దగ్గరికి చేరతారు. ప్రోబ్ అంటే మడిచే పొడవాటి ఊచ, దాంతో గుచ్చి మనిషి ఎక్కడున్నాడో చూస్తారు. తర్వాత పార. ఇది లోహంది కావాలి, ప్లాస్టిక్‌ది విరిగిపోతుంది. మన దగ్గర టూరిస్టు ట్రెక్కుల్లో ఈ మూడూ తీసుకెళ్లేవాళ్లని నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. డబ్బు కట్టే ముందు అడగండి. నాలా దగ్గర ఎన్నింటికి ఉంటాం, ఎన్నింటికి దాటకపోతే వెనక్కి తిప్పుతారు, పారలెన్ని ఉన్నాయి. ఈ మూడు ప్రశ్నలకి తడబడితే వేరేవాళ్లతో వెళ్లండి. చండీగఢ్‌లోని డీజీఆర్‌ఈ, అంటే రక్షణ పరిశోధనలు చేసే డీఆర్‌డీఓ కింది సంస్థ, హిమాలయ జిల్లాలకి అవలాంచ్ హెచ్చరికలు ఇస్తుంది. అది ముందురోజు సాయంత్రం చూడకుండా పడుకోవద్దు.

మీరే కూరుకుపోతుంటే? అరవండి, అందరూ మీ వైపు చూడాలి. పక్క అంచుకి పోవడానికి గింజుకోండి. వేగం తగ్గుతోందనిపించగానే చేతులు ముఖానికి అడ్డం పెట్టుకోండి, ముక్కు ముందు దోసెడు ఖాళీ చాలు. ఆగిపోయాక వేలు కూడా కదలదు కాబట్టి ఆ పని ఆగకముందే జరగాలి. బయట ఉన్నవాళ్లు మీరు చివరిసారి కనబడ్డ చోటు నుంచి చూపు తిప్పకూడదు. ఒకరికి ఆ ఒక్క పనే అప్పగించాలి.

ప్రశ్నలు తర్వాత తీసుకుంటాను, ఎందుకంటే ఇంకో గంటలో చీకటి పడుతుంది. నేను ఆరు బీకన్లు అడిగి తెచ్చాను. మీ హాస్టల్ వెనక కొత్త బ్లాక్ కడుతున్నారు కదా, అక్కడి ఇసుక గుట్టలో మూడింటిని గోనెసంచుల్లో చుట్టి పొద్దున్నే పూడ్చిపెట్టాను. రెండు అడుగుల లోతులో. మధ్యాహ్నం మీ మేస్త్రి గారిని అడిగి గుట్ట మీద నీళ్లు కూడా కొట్టించాను. ప్రోబులు, మూడు పారలు వాచ్‌మన్ గది దగ్గర ఉన్నాయి. ఆరుగురు చొప్పున మూడు జట్లుగా విడిపోండి. చెప్పులున్నవాళ్లు బూట్లు వేసుకోండి. ఫోన్లు ఇక్కడే బల్ల మీద పెట్టండి, బీకన్ పక్కన ఫోన్ ఉంటే సిగ్నల్ తప్పుదారి పడుతుంది. పది నిమిషాలు. నేను విజిల్ వేయగానే మొదలు.